రొయ్యలకు విదేశీ మార్కెట్ పెంచే ఉద్యోగం: బి.ఎఫ్.ఎస్సి. తర్వాత ఏ దారి?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. వనామీ రొయ్యలు సాగు చేస్తుంటాను. మా అమ్మాయి బి.ఎఫ్.ఎస్సి. (మత్స్య శాస్త్రంలో డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతోంది. చదువు పూర్తయ్యాక ఎంపెడాలో చేరి మన రొయ్యలకు విదేశాల్లో గిరాకీ పెంచే పని చేస్తానంటోంది. వెంటనే ఎం.బి.ఎ. చేయించమని కొందరూ, పోటీ పరీక్షలకు కోచింగ్ ఇప్పించమని కొందరూ చెబుతున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న లక్ష్యం మంచిది, మీ జిల్లాకు ఎంతో అవసరమైనది కూడా. అయితే ఆ సంస్థ పని గురించి బయట ఉన్న అభిప్రాయానికీ, లోపల నిజంగా జరిగే పనికీ చాలా తేడా ఉంది. ముందు అది తెలిస్తే ఏం చదివించాలన్నది తేల్చుకోవడం సులువవుతుంది.

ఎంపెడా, అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, 1972లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడింది. కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ కింద, కొచ్చి కేంద్రంగా పనిచేస్తుంది. అది స్వయంగా రొయ్యలు కొనదు, అమ్మదు. బోస్టన్, బార్సిలోనా వంటి నగరాల్లో జరిగే సీఫుడ్ ప్రదర్శనల్లో మన దేశం తరఫున స్టాళ్లు ఏర్పాటు చేసి, కొనుగోలుదారులను మన ఎగుమతిదారులతో కలిపే పని అందరికీ కనిపిస్తుంది. కనిపించని పని అంతకంటే చాలా ఎక్కువ. ఎగుమతిదారులను నమోదు చేయడం, పట్టుబడికి ముందే చెరువులోని రొయ్యల నమూనా తీసుకుని యాంటీబయాటిక్ అవశేషాలు పరీక్షించడం, కాకినాడ కేంద్రంగా ఉన్న నాక్సా అనే తన అనుబంధ సంస్థ ద్వారా చిన్న రైతులను సంఘాలుగా కూర్చి మంచి సాగు పద్ధతులు అలవాటు చేయడం, నెట్‌ఫిష్ అనే మరో అనుబంధ సంస్థ ద్వారా వేటకు వెళ్లే మత్స్యకారులకు పడవలోనే చేపను ఐసులో భద్రపరిచే పద్ధతి నేర్పడం, ఇవన్నీ ఆ సంస్థ బాధ్యతలే.

ప్రచార సంస్థకు ఈ పరీక్షలన్నీ ఎందుకని మీకు అనిపించవచ్చు. కారణం మీ చెరువు గట్టు మీదే ఉంది. ఎక్కడో ఒక రైతు నిషేధించిన నైట్రోఫ్యురాన్ అనే యాంటీబయాటిక్ మందు వాడితే, ఆ అవశేషం విదేశీ రేవులో బయటపడిన రోజున తిప్పి పంపేది ఆ ఒక్క కంటైనర్‌నే అయినా, అనుమానం మాత్రం దేశం మొత్తం మీద పడుతుంది. 2016లో ఐరోపా సంఘం మన సాగు రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. తప్పు చేయని రైతు సరుకు కూడా ఆ తనిఖీల కోసం ఆగవలసి వచ్చింది, ఆ ఖర్చు మేరకు చివరికి చెరువు దగ్గర రైతుకు ఇచ్చే ధరే తగ్గింది. అందుచేత మార్కెటింగ్ అనే ఈ పనిలో సగానికి పైగా నాణ్యతకు పూచీ పడటమేనని నేను గట్టిగా నమ్ముతాను.

మిగిలిన సగం ఓపికతో కూడిన పని. నార్వే ఉదాహరణ మీ అమ్మాయికి చెప్పండి. 1980ల మధ్యలో నార్వే ప్రభుత్వం తమ సాల్మన్ చేపను జపాన్‌లో పచ్చిగా తినే వంటకాలకు పరిచయం చేయాలనుకుంది. జపనీయులు అప్పటివరకు సాల్మన్‌ను వండుకునే తినేవారు, పరాన్నజీవుల భయంతో పచ్చిగా ముట్టేవారు కాదు. ఆ నమ్మకం మారడానికి ఏళ్లు పట్టింది. ఇవాళ సుషీలో సాల్మన్ లేకుండా ఊహించలేము. తమ చేప ఎలా పెరుగుతుందో, ఎందుకు సురక్షితమో శాస్త్రీయంగా వివరించగలిగిన వారు ఉన్నందువల్లే ఆ ప్రచారం నిలబడింది.

మనకు ఇప్పుడు అటువంటి వారి అవసరం ఎక్కువగా ఉంది. 2024-25లో మన దేశం 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి రూ.62,408 కోట్లు ఆర్జించింది. ఆ విలువలో మూడింట రెండు వంతులకు పైగా శీతలీకరించిన రొయ్యలదే, కొనుగోలుదారుల్లో మొదటి స్థానం అమెరికాది. ఒకే దేశం మీద ఇంతగా ఆధారపడటం ఎంత ప్రమాదమో 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మీ ప్రాంత రైతులందరికీ తెలిసింది. కొత్త దేశాలను వెతకడంతో పాటు, మన దేశంలోనే రొయ్యల వాడకం పెంచవలసి ఉంది. దేశీయ వాడకాన్ని ప్రోత్సహించే బాధ్యత హైదరాబాద్‌లోని జాతీయ మత్స్య అభివృద్ధి మండలిది కాబట్టి, మీ అమ్మాయి ఆ సంస్థ ప్రకటనలను కూడా గమనిస్తూ ఉండాలి.

ఇక చదువు సంగతి. డిగ్రీ కాగానే ఎం.బి.ఎ.కు పంపడం నాకు ఇష్టం లేదు. ముందు ఒకటి రెండేళ్లు ప్రాసెసింగ్ ప్లాంట్‌లో నాణ్యత విభాగంలో పనిచేయనివ్వండి. చెరువు దగ్గర కిలోకు ఇన్ని అని లెక్కించే కౌంట్, అమెరికా కొనుగోలుదారుకు పౌనుకు ఇన్ని అని ఎలా మారుతుందో, తల తీసి, పొట్టు ఒలిచి, గ్రేడింగ్ చేసేటప్పుడు ఎంత తూకం పోతుందో, ఒక లాట్ ఎందుకు రిజెక్ట్ అవుతుందో అక్కడ తెలిసినంతగా తరగతి గదిలో తెలియదు. షిఫ్టుల్లో, చలి గదుల్లో చేసే ఆ పని కష్టంగానే ఉంటుంది. రాకపోకలకూ వసతికీ కంపెనీ చేసే ఏర్పాట్లు చూసుకున్నాకే చేర్చండి.

ఆ తర్వాత ఆమె మొగ్గును బట్టి నిర్ణయించుకోవచ్చు. నాణ్యత, పరీక్షల వైపు మనసు ఉంటే ముంబైలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ వంటి చోట ఎం.ఎఫ్.ఎస్సి.లో (మత్స్య శాస్త్రంలో పీజీ) పోస్ట్ హార్వెస్ట్ టెక్నాలజీ, అంటే పట్టుబడి తర్వాతి సాంకేతికత, చదవడం మేలు. దానికి జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష రాయాలి. వ్యాపారం వైపు ఉంటే కాకినాడలోనే క్యాంపస్ ఉన్న భారత విదేశీ వాణిజ్య సంస్థలో అంతర్జాతీయ వ్యాపారం, లేదా హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ (మేనేజ్)లో వ్యవసాయ వ్యాపార నిర్వహణ చదవవచ్చు. ఫ్యాక్టరీ అనుభవంతో ఈ కోర్సుల్లో చేరిన విద్యార్థికీ, అది లేకుండా చేరిన విద్యార్థికీ ఇంటర్వ్యూలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఒక్క మాట మాత్రం దాచకుండా చెప్పాలి. ఎంపెడాలో శాశ్వత పోస్టులు తక్కువ, ప్రకటనలు ఏటా క్రమంగా రావు. ఆ ఒక్క ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి కోచింగ్‌లో కూర్చోబెట్టడం సరికాదు. దాని అనుబంధ సంస్థల్లో కాంట్రాక్టు ఉద్యోగాలు, ఎగుమతి తనిఖీ మండలి, రాష్ట్ర మత్స్యశాఖ పోస్టులు, ఎగుమతి కంపెనీల మార్కెటింగ్ విభాగాలు, అన్నీ ఇదే చదువుకు తెరిచి ఉన్న అవకాశాలు. ప్రతి ప్రకటనలోనూ విద్యార్హత, వయోపరిమితి వేరుగా ఉంటాయి కనుక ఉద్యోగం చేస్తూనే అవి చదివి దరఖాస్తు చేసుకోవాలి.

నాలుగో సంవత్సరంలో విద్యార్థులను క్షేత్ర అనుభవం కోసం, ఫ్యాక్టరీ శిక్షణ కోసం పంపుతారు. అప్పుడు మొక్కుబడిగా సర్టిఫికెట్ తెచ్చుకోకుండా, ఎగుమతి పత్రాలు తయారుచేసే విభాగంలో కొన్ని రోజులు కూర్చునే అవకాశం అడిగి తీసుకోమనండి. ఈలోగా మీరు చేయగలిగినదీ ఒకటి ఉంది. వచ్చే పట్టుబడికి నమూనా ఇవ్వడం, పరీక్ష నివేదిక తెచ్చుకోవడం, కౌంట్‌ను బట్టి కొనుగోలుదారుతో ధర మాట్లాడటం మీ అమ్మాయికే అప్పగించండి.