వాసన ఆపే వేట బట్టలు: డబ్బు పెట్టాలా, వద్దా?

అమెరికాలో జింకల వేట మొదలుపెట్టిన పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులు ఇవి. అన్నీ తెల్లతోక జింక గురించినవే. ఒక ప్రశ్న మాత్రం నల్లమల నుంచి వచ్చింది.

ప్రశ్న: టెక్సస్ హిల్ కంట్రీలో రెండేళ్ళుగా రైఫిల్‌తో వేటాడుతున్నాను. ఈ ఏడాది కాంపౌండ్ విల్లు (కప్పీలతో పనిచేసే విల్లు) పట్టాను. చెట్టు మీద స్టాండు కట్టుకుని సాయంత్రాలు కూర్చుంటున్నాను. పాతిక గజాల దాకా వచ్చిన జింకలు ఉన్నట్టుండి తలెత్తి, ముక్కుతో గట్టిగా ఊది పారిపోతున్నాయి. కార్బన్ లైనింగ్ ఉన్న జాకెట్టు, ప్యాంటు కలిపి 400 డాలర్లు. అవి వేసుకుంటే జింకకు మనిషి వాసనే రాదని అంటున్నారు. కొనమంటారా? (ఆస్టిన్ నుంచి)

జవాబు: వాసనే రాదన్నది అబద్ధం. కొంత తగ్గుతుందన్నది నిజం. ఆ కొంత మీకు ఎక్కడ అక్కరకొస్తుందో చూసుకున్నాకే డబ్బు తీయండి.

ముందు ఆ లైనింగ్‌లోని కార్బన్, అంటే బొగ్గు, ఏం చేస్తుందో చూద్దాం. కొబ్బరి చిప్పల బొగ్గు లాంటిదాన్ని ఆవిరితో విపరీతంగా వేడి చేస్తే లోపలంతా కంటికి కనపడని రంధ్రాలు పడతాయి. ఒక్క గ్రాము బొగ్గులోని రంధ్రాల గోడలను పరిస్తే వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. మన లెక్కలో పాతిక సెంట్ల స్థలం. వాసన అణువులు ఆ గోడలకు అతుక్కుంటాయి. ఇంట్లో నీళ్ళ ఫిల్టరులో ఉండేదీ ఈ బొగ్గే. అయితే ఫిల్టరులో నీళ్ళకు బొగ్గు మధ్యగా పోవడం తప్ప వేరే దారి లేదు. చొక్కాలో గాలికి బోలెడు దారులున్నాయి. మీరు విల్లు లాగినా, పక్కకు తిరిగినా, నిచ్చెన ఎక్కినా బట్ట కొలిమితిత్తిలా పనిచేసి లోపలి వెచ్చటి గాలిని మెడ దగ్గర, ముంజేతుల దగ్గర, నడుము దగ్గర బయటికి తోసేస్తుంది. సులువైన దారి ఉండగా గాలి గుడ్డలోంచి దూరదు. జిప్పు సగం తీసి కూర్చున్నవాడికి ఆ 400 డాలర్లు దండగ.

ఇక బట్ట కప్పనివి ఉన్నాయి: ఊపిరి, తల, ముఖం. మనిషి వాసనలో వీటి వాటా పెద్దది. చర్మం మీంచి నిరంతరం రాలే మృతకణాలు, వాటి మీది బ్యాక్టీరియా కూడా గాలిలో కొట్టుకుపోతాయి. అందుకే కార్బన్ జాకెట్టు వేసుకుని తల, ముఖం కప్పుకోకపోతే సగం పనే చేసినట్టు.

పరీక్షల మాట కూడా చెప్పాలి. మనుషులను వెదికే శిక్షణ పొందిన కుక్కలతో చేసిన ఒక పరీక్ష 2002లో వన్యప్రాణి శాస్త్ర పత్రికలో వచ్చింది. కార్బన్ బట్టలు వేసుకుని దాక్కున్నవాళ్ళను కనిపెట్టడంలో కుక్కలకు చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏమీ కలగలేదు. బట్టల కన్నా వాతావరణమే ఎక్కువ తేడా చూపింది. ఈ బట్టల ప్రకటనల మీద మిన్నెసోటా వేటగాళ్ళు కోర్టుకెక్కారు. వాసనను పూర్తిగా నిర్మూలిస్తుందన్న ప్రకటన తప్పని ఫెడరల్ జడ్జి 2010లో తేల్చారు. 2011లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. తీర్పుల సంగతి ఎలా ఉన్నా, అట్ట మీద ‘తగ్గిస్తుంది’ అని రాసి ఉందో, ‘పోగొడుతుంది’ అని రాసి ఉందో చూసి కొనండి.

మీ జింకల సంగతికి వద్దాం. తెలుగులో పసి అంటే వాసన. పసిగట్టడం అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. పాతిక గజాల్లో ఊది పారిపోయాయంటే అవి బహుశా మిమ్మల్ని చూడలేదు, పసిగట్టాయి. సాయంత్రం కూర్చుంటున్నానని రాశారు. అసలు చిక్కు అక్కడే ఉండవచ్చు. పొద్దు వాలేకొద్దీ నేల చల్లబడుతుంది, నేలనంటిన గాలి బరువెక్కి వాలు వెంబడి కిందికి జారుతుంది. హిల్ కంట్రీలో వాగు గట్టున స్టాండు కట్టుకుంటే ఆఖరి గంటలో మీ వాసన తిన్నగా చెట్టు మొదట్లోకి, అక్కణ్ణించి వాగులోకి దిగుతుంది. జింకలు నడిచేది ఆ వాగులోనే. పొద్దున సూర్యుడు నేలను వేడెక్కించాక ఇదే గాలి పైకి లేస్తుంది. ఫోనులో చూసిన గాలి దిశ ఊరి మొత్తానికి సంబంధించినది, మీ చెట్టుకు కాదు.

అందుకని ముందు చేయవలసింది ఇది. జిల్లేడు కాయల్లో దూదిపింజల్లా ఉంటాయి చూడండి, అమెరికాలో మిల్క్‌వీడ్ కాయల్లోనూ అలాంటివే ఉంటాయి. ఒక డబ్బాలో వేసుకెళ్ళి స్టాండు మీంచి పది నిమిషాలకొకటి వదలండి. పొడి సీసా కూడా అమ్ముతారు గానీ పొడి మూడు గజాల్లో కనుమరుగవుతుంది. పింజ అయితే నలభై గజాల దాకా కనిపిస్తూ ఎక్కడ మలుపు తిరుగుతోందో, ఎక్కడ దిగుతోందో చూపిస్తుంది. పొద్దు కూకే ముందు ఒక గంట పాటు చూడండి. పింజ జింకల దారి మీద వాలితే ఆ చెట్టు సాయంత్రానికి పనికిరాదు, పొద్దుటికి ఉంచుకోండి. గాలి గంటకు 5 నుంచి 12 మైళ్ళ వేగంతో ఒకే దిక్కుగా వీచే రోజులు మంచివి. 3 మైళ్ళ లోపు ఉంటే అది సుడులు తిరుగుతూ నలుదిక్కులా పోతుంది. ఏ బట్టా దాన్ని ఆపలేదు.

గాలి ఎదురుగా వచ్చేలా కూర్చుంటే చాలనుకుంటారు చాలామంది. పెద్ద మగజింక అంత అమాయకంగా రాదు. అది గాలివాటం చూసుకుని, వాసన తనకు తగిలే పక్కగా చుట్టు తిరిగి వస్తుంది. కాబట్టి గాలి జింకల దారికి అడ్డంగా వీచేలా కూర్చోవడం మేలు. మీ వాసన దారికి అవతల, జింక నడవడానికి ఇష్టపడని చోట పడాలి: చెరువు మీదనో, నిటారు గట్టు మీదనో, ఖాళీ మైదానం మీదనో.

కార్బన్ బట్టలకు కాస్త విలువ ఉన్నది ఈ అంచు దగ్గరే. వాసన ధార జింకను పూర్తిగా తాకక, అంచు మాత్రం తగిలినప్పుడు, బాణం వదలడానికి మీకు మరి కొన్ని క్షణాలు దొరకవచ్చు. 20 గజాల్లో విల్లుతో వేటాడేవాళ్ళకు ఆ క్షణాలు చాలా పెద్దవి. రైఫిల్‌తో, బ్లైండులో (దాక్కునే పెట్టె లాంటి గదిలో), 100 గజాల అవతల జింకలకు మొక్కజొన్న వేసే ఫీడరు వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు మాత్రం కొననక్కర్లేదు. గాలి వచ్చే వైపు కిటికీలు మూసుకుంటే వాళ్ళకు అంతకన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

మీరైతే ముందు రెండో స్టాండుకు డబ్బు పెట్టండి. ఒకటి దక్షిణపు గాలికి, ఇంకొకటి ఉత్తరపు గాలికి. తరవాత మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు. కొత్త రబ్బరుకు ఘాటైన వాసన ఉంటుంది, రెండు మూడు వారాలు బయట గాలికి ఆరబెట్టాలి. ప్యాంటు బూట్లలోకి దోపుకోండి. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే జాకెట్టు కన్నా ముందు కార్బన్ టోపీ, ముఖం కప్పే తొడుగు కొనండి. 400 డాలర్ల జత వంతు ఆ తరవాతే.

ప్రశ్న: మా ఇంట్లో రోజూ పోపు, సాంబ్రాణి తప్పవు. వంటగది, హాలు ఒకటే. వేట బట్టలకు ఆ వాసన పట్టకుండా ఎలా ఉతకాలి, ఎక్కడ పెట్టాలి? (నార్త్ కరోలినా నుంచి)

జవాబు: ఇంగువ, వెల్లుల్లి వాసనలను జింక శత్రువుగా గుర్తుపట్టదు. కానీ అడవిలో లేని వాసన ఏదైనా దానికి అనుమానమే, అందులో మనిషి వాసన కలిసిందంటే ఇక నిలవదు.

ఉతికే ముందు మిషన్‌ను ఖాళీగా, వేడి నీళ్ళతో, అర కప్పు వంటసోడా వేసి ఒకసారి తిప్పండి. మామూలు సబ్బు, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ జిడ్డు డ్రమ్ము గోడలకు అంటుకుని ఉంటుంది, దాన్ని వదలగొట్టకుండా ఎన్ని వాసన లేని సబ్బులు కొన్నా లాభం లేదు. సాఫ్ట్‌నర్ పోసే అరను విడిగా తడిబట్టతో తుడవండి. ఆ తరవాత వాసన, బట్టలను మెరిపించే బ్రైటనర్లు రెండూ లేని డిటర్జెంటును, సీసా మీద చెప్పినదాంట్లో సగం వేసి ఉతికి, రెండుసార్లు జాడించండి. డ్రయ్యర్ షీట్లు వాడే ఇళ్ళలో డ్రయ్యర్ డ్రమ్ముకూ సెంటు పట్టి ఉంటుంది, అందుకని దండెం మీద ఆరేయడమే మంచిది. పక్కింటి డ్రయ్యర్ గాలి బయటికొచ్చే గొట్టం ఎటుందో చూసుకుని మరీ ఆరేయండి.

పూర్తిగా ఆరాక రబ్బరు అంచు ఉన్న, గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టండి. తడి ఏ కాస్త ఉన్నా లోపల బూజు వాసన పుడుతుంది. గరాజులో పెట్రోలు డబ్బా, గడ్డి కోసే మిషన్ పక్కన వద్దు. పడకగది అలమరాలో పెట్టె మూత బిగించి ఉంచితే చాలు. కారులో ఆ బట్టలు వేసుకుని వెళ్ళవద్దు. వేట బూట్లతో పెట్రోలు బంకులో దిగవద్దు. వేట చోటికి చేరాక, కారు బయట నిలబడి మార్చుకోండి.

ఒంటి విషయానికొస్తే, కొబ్బరినూనె రాసుకునేవాళ్ళు ముందు రాత్రే తలంటుకోవాలి. వాసన లేని సబ్బుతో స్నానం చేసి మామూలు సబ్బులో ఉతికిన తువ్వాలుతో తుడుచుకుంటే చేసిందంతా వృథా, తువ్వాలునూ బట్టలతో పాటే ఉతకండి. వెల్లుల్లిలోని గంధకపు పదార్థం ఒక రోజు దాకా ఊపిరిలో వస్తూనే ఉంటుంది. మెంతుల వాసన చెమటలో తెలుస్తుంది. వేటకు ముందు రోజు ఆవకాయ, మెంతికూర పప్పు మానుకుని పెరుగన్నం తినడం నష్టమేమీ కాదు.

అన్నిటికన్నా చెమటతోనే ఎక్కువ చెడుతుంది. మందపాటి జాకెట్టు వేసుకుని అర మైలు గబగబా నడిస్తే చెట్టెక్కేసరికి లోబట్ట తడిసిపోతుంది. పల్చటి చొక్కాతో, పై బట్టలు సంచిలో పెట్టుకుని, 20 నిమిషాలు ముందే బయల్దేరి మెల్లగా నడవండి. చెట్టు కింద పది నిమిషాలు ఒళ్ళు చల్లబడనిచ్చి, పైకెక్కి హార్నెస్ (చెట్టు మీంచి పడకుండా ఆపే పట్టీలు) తగిలించుకున్నాక పై బట్టలు వేసుకోండి.

ప్రశ్న: కార్బన్ జాకెట్టును డ్రయ్యర్‌లో 40 నిమిషాలు తిప్పితే మళ్ళీ కొత్తదానిలా అవుతుందా? (ఒహాయో నుంచి)

జవాబు: అవదు. ఫ్యాక్టరీలో వాడిన బొగ్గును మళ్ళీ పనికొచ్చేలా చేయడానికి 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. ఇంటి డ్రయ్యర్ 65 డిగ్రీల దగ్గర తిరుగుతుంది. ఆ వేడికి తేమ, తేలిగ్గా ఆవిరయ్యే కొన్ని పదార్థాలు వదులుతాయి గానీ బరువైన జిడ్డు అణువులు రంధ్రాల్లోనే ఉండిపోతాయి. తేమ పోవడమూ లాభమే కాబట్టి మానక్కర్లేదు, డ్రయ్యర్ షీటు మాత్రం పొరపాటున కూడా వేయకండి. జాకెట్టు ఎక్కువ కాలం రావాలంటే చలిమంట దగ్గర కూర్చోవద్దు, పొగ రంధ్రాలను వేగంగా నింపేస్తుంది. లోబట్టను ప్రతిసారీ ఉతికి, జాకెట్టును వీలైనంత తక్కువ ఉతకండి.

ప్రశ్న: వాసన పోగొట్టే స్ప్రే సీసా 15 డాలర్లు. ఇంట్లో చేసుకోవచ్చా? (మిషిగన్ నుంచి)

జవాబు: చేసుకోవచ్చు. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 2 కప్పులు, డిస్టిల్డ్ వాటర్ 2 కప్పులు, వంటసోడా పావు కప్పు, వాసన లేని ద్రవ సబ్బు 2 టేబుల్ స్పూన్లు. వెడల్పాటి గిన్నెలో మెల్లగా కలపండి, నురగ వస్తుంది. మూడు రోజులు మూత వదులుగా పెట్టి ఉంచాలి. ఆక్సిజన్ బయటికి వస్తూనే ఉంటుంది కాబట్టి బిగించారంటే సీసా ఉబ్బి పగులుతుంది. తరవాత వెలుతురు చొరని స్ప్రే సీసాలో పోసుకోండి. నెల దాటితే పెరాక్సైడ్ విరిగిపోయి సోడా నీళ్ళే మిగులుతాయి, అందుకని కొంచెం కొంచెమే చేసుకోండి.

బూట్ల మీద, సంచి మీద, స్టాండు కర్రల మీద కొట్టండి. ముదురు రంగు బట్టలైతే మూల ఒకచోట కొట్టి చూడండి, రంగు వెలిసిపోవచ్చు. కార్బన్ లైనింగ్ మీద వద్దు, సబ్బు రంధ్రాలను మూసేస్తుంది. హార్నెస్ పట్టీల మీద అసలే వద్దు. పెరాక్సైడ్ నైలాన్‌కు మంచిది కాదు, మీ ప్రాణం ఆ పట్టీ మీదే ఆధారపడి ఉంటుంది.

ఇదే ఉత్తరంలో ఓజోన్ మిషన్ గురించి కూడా అడిగారు. ఓజోన్ వాసన అణువులను విరగ్గొట్టేది నిజమే, కానీ ఊపిరితిత్తులకు చెడ్డది. మూసిన గదిలో, కారులో, మనుషులుండగా నడపకండి. బట్టల సాగే ఎలాస్టిక్‌ను, రబ్బరు బూట్లను కూడా అది పెళుసు చేస్తుంది.

ప్రశ్న: జార్జియాలో తుపాకీ సీజన్లో నారింజ రంగు తప్పనిసరి. అన్ని జాగ్రత్తలూ తీసుకుని పైన ఆ రంగు వేసుకుంటే జింక చూడదా? (అట్లాంటా నుంచి)

జవాబు: నడుము పైభాగాన కనీసం 500 చదరపు అంగుళాల నారింజ రంగు ఉండాలన్నది మీ ప్రాణం కాపాడే నియమం, అందులో రాజీ వద్దు. జింక కంటికి ఎరుపు, నారింజ సరిగా ఆనవు. నీలం, దాని పక్కనున్న అతినీలలోహిత కాంతి బాగా కనిపిస్తాయి. తెల్లగా మెరిపిస్తామని చెప్పే డిటర్జెంట్లలో ఉండే బ్రైటనర్లు ఆ నీలపు వెలుగునే వెదజల్లుతాయి. అందుచేత నారింజ చొక్కానూ వాసన లేని సబ్బుతోనే ఉతకండి. ఏడాదంతా ట్రక్కు సీటు వెనక పడేసి, వేట రోజున కార్బన్ జాకెట్టు మీద తొడుక్కుంటే లోపలి బొగ్గు ఎంత మంచిదైనా లాభం లేదు, పైన పెట్రోలు కంపు ఉంటుంది.

ప్రశ్న: నల్లమలలో దుప్పులను ఫోటోలు తీస్తాను. నాకు ఈ బట్టలు పనికొస్తాయా? (మార్కాపురం నుంచి)

జవాబు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర జింకల వేట నేరం. ఫోటోకు అభ్యంతరం లేదు గానీ టైగర్ రిజర్వులో అనుమతి లేనిదే కాలు పెట్టకూడదు. సఫారీ జీపులో కూర్చుంటే డీజిల్ వాసన ముందు మీ వాసన లెక్కలోకి రాదు. అనుమతితో మంచె మీద కూర్చునే అవకాశం దొరికితే బొగ్గు బట్టలు కొనకండి. మన ఎండలకు వాటిలో ఉడికిపోయి ఇంకా ఎక్కువ చెమట పోస్తుంది. పల్చటి నూలు చొక్కా వాసన లేని సబ్బుతో ఉతుక్కుని, దారిలో ఒక జిల్లేడు కాయ తుంచుకుని, నీటిగుంట మీంచి మీ వైపు గాలి వీచే పక్క చూసుకుని కూర్చోండి.