బొంత పొరలు విడిపోతుంటే…

ప్రశ్న: మా అమ్మ కట్టుకున్న మంగళగిరి నూలు చీరలతో మనవరాలికి బొంత కుడుతున్నాను. రెండు చీరల మధ్య పాలిస్టర్ దూది షీటు పెట్టి, కచ్చా కుట్టుకు బదులు జిగురు స్ప్రే కొట్టాను. ఒక పక్క పొరలు లేచిపోతున్నాయి. మరో పక్క జిగురు గట్టిపడి మిషను సూదికి అంటుకుంటోంది, దారం తెగుతోంది. అడుగు బట్టలో మడతలు కూడా పడ్డాయి. ఇంకాస్త స్ప్రే కొట్టమంటారా, మొత్తం విప్పేయమంటారా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: దయచేసి ఇంకొక్క చుక్క కూడా కొట్టకండి. పొరలు నెమ్మదిగా ఊడదీయండి. ఇది తాత్కాలికంగా పట్టి ఉంచే జిగురు కాబట్టి బట్ట పాడుకాదు.

ముందుగా ఒక్కటి అడుగుతాను: స్ప్రే కొట్టేటప్పుడు ఫ్యాను తిరుగుతోందా? మన ఎండల్లో ఫ్యాను ఆపి పని చేయడం కష్టమే, నాకు తెలుసు. కానీ ఆ గాలికి తుంపర ఒక పక్కకే కొట్టుకుపోతుంది. ఒక చోట ముద్ద, ఒక చోట ఏమీ లేకపోవడం అందుకే. కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, అడుగు దూరం నుంచి దూది షీటు మీదే పలుచగా కొట్టండి. డబ్బాలోని వాయువు మండే గుణం కలది. పక్కగదిలో పొయ్యి, దేవుడి దగ్గర దీపం, అగరొత్తులు ఏవీ వెలుగుతూ ఉండకూడదు. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

రెండోది గంజి. ఏళ్ల తరబడి గంజి పెట్టిన చీర బిరుసుగా నిలుస్తుంది, మెత్తటి దూదికి పూర్తిగా ఆనదు. చీరలను గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి ఉతికి, బాగా ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. ఇప్పుడు గట్టిపడిన జిగురు కూడా చాలావరకు అక్కడే పోతుంది. పాలిస్టర్ దూది పొంగుతూ బట్టను పైకి నెడుతుంది కాబట్టి, దొరికితే నూలు దూది షీటు తీసుకోండి.

మడతలకు కారణం నేల మీద సరిగా పరవకపోవడమే. అడుగు బట్టను తిరగేసి పరిచి, ముడత లేకుండా, అలాగని సాగదీయకుండా, అంచులకు టేపు అంటించండి. దూదిని నడుమ ఆనించి, అరచేత్తో బయటికి రాస్తూ రండి. జరీ అంచును మాత్రం అడుగు పొరలో ఉంచకండి. నూలుతో సమానంగా సాగదు, పసిపిల్ల ఒంటికి గుచ్చుకుంటుంది కూడా. కత్తిరించి పైపొరకు వాడితే అమ్మగారి చీర గుర్తుగా కళ్లకు కనిపిస్తూ ఉంటుంది.

సూదిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. దారం అప్పటికీ తెగితే సూది మార్చండి. జిగురు ఆరాకే మిషను ఎక్కించండి.

జిగురు ఎంత బాగా పట్టినా, జానెడు దూరంలో పొడుగు కచ్చా కుట్లు వేయమనే నా మాట. పెద్ద బొంతను మిషను మీద తిప్పుతూ ఉంటే అంచులు జారతాయి. బొంత పూర్తయ్యాక రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరవేసి పాపకు కప్పండి. మిగిలిన స్ప్రే డబ్బాను మేడ మీది రేకుల గదిలో పెట్టకండి, వేడికి అది పేలవచ్చు.