జీర, జీరాడు, చక్కనొత్తు

సందేహం: మా అబ్బాయి గిటారు మీటితే తీగ జుయ్యిమంటోంది. బాగుచేసే ఆయన ‘బజ్ వస్తోంది, నెక్ అడ్జస్ట్ చేయాలి’ అన్నారు. పిల్లల కోసం ఆ పద్ధతిని తెలుగులో రాస్తూ ‘రొద పోవడానికి మెడ సర్దుబాటు’ అన్నాను. సరైనదేనా? – ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాదు

సమాధానం: రొద సంతలోది, తేనెటీగలది. తీగది కాదమ్మా. మంచి మాట ‘జీర’ మీ ఇంట్లోనే ఉంది. దుఃఖంలో గొంతు జీరపోతుంది. బొంగురుపోతే గొంతంతా మొద్దుబారుతుంది. జీరపోతే స్వరం స్వరంగానే ఉండి అందులో సన్నని పగులు వినిపిస్తుంది. నిద్రలేని కళ్లలో ఎర్రజీరలు కూడా తెల్లదనం మధ్య సన్నని గీతలే కదా!

మా మనవడి గిటారు మీద లావు తీగను మొదటి మెట్టు (మెడ మీది అడ్డపట్టీ, ఫ్రెట్) దగ్గర నొక్కి మీటి, కన్ను దగ్గరపెట్టి చూశాను. ఊగుతున్న తీగ ముందరి మెట్లను రాసుకుంటోంది. కుచ్చెళ్లు నేల జీరాడుతున్నాయని మన పెద్దవాళ్లు అనేవారు. తీగ మెట్ల మీద జీరాడుతోంది, అందుకే జీర పలుకుతోంది! ఈ జీరలన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని పట్టుబట్టను గాని, చెవికి మాత్రం దగ్గరి చుట్టాలే. పోతన గజేంద్రమోక్షణంలోని ‘పరివారంబునుఁ జీరఁడు’ను మాత్రం ఇక్కడికి లాక్కురాకండి. అది పిలవడమనే అర్థం గల ‘చీరు’.

పోతన పేరు ఎత్తాక ఆ పద్యం దాటిపోలేను. ‘సిరికిం జెప్పఁడు’ చదవని తెలుగువాడు లేడు. అందులోనే ‘ఆకర్ణికాంతర ధమ్మిల్లముఁ జక్క నొత్తఁడు’ అన్నాడు. చెవుల దాకా జారిన కొప్పును సవరించుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా స్వామి పరుగెత్తాడు. ‘చక్క నొత్తు’ ఎంత చేతికందే మాట! అరచేత్తో మెత్తగా అదిమి, ఉండవలసిన తీరులో ఉంచడం. ఈ ఒక్క క్రియలో వేళ్లూ వెంట్రుకలూ కనిపిస్తాయి. ఇంతటి పలుకుబడి ఉండగా ప్రతిదానికీ ‘అడ్జస్ట్’ అనడం, అది కాదంటే ‘సర్దుబాటు’ అనడం బాధగా ఉంది. సర్దుబాటు బస్సులో సీటుకు, నెలాఖరు ఖర్చుకు. అందులో ఎవరో ఒకరు కొంత వదులుకోవాలి.

ఇక్కడ ‘చక్క’ అంటే నిటారు అనుకోకండి. కొప్పు నిటారుగా ఉండదు, గిటారు మెడ కూడా పూర్తిగా నిటారుగా ఉండకూడదు. తీగను మొదటి మెట్టు దగ్గరా, మెడ గిటారు డొల్లకు కలిసే చోటా నొక్కిపట్టి చూస్తే ఏడో మెట్టు దగ్గర సుమారు 0.25 మిల్లీమీటరు సందు కావాలి. అది బొత్తిగా లేకపోతే డొల్లకు దూరంగా ఉండే మొదటి మెట్లలో జీర పుడుతుంది. అప్పుడు మెడ లోపలి ఉక్కు కడ్డీని అలెన్ కీతో (ఆరుపలకల కొసతో తిప్పే పనిముట్టు) ఎడమవైపుకు, ఒకసారికి పావు చుట్టుకు మించకుండా, వదులు చేస్తారు. తీగల లాగుడుకు మెడ కొద్దిగా ముందుకు వంగుతుంది. మళ్లీ శ్రుతి చేసి చూడాలి. మన ఊరి ఎండకు ఎండి, వానకు తేమ పీల్చే కొయ్య కాబట్టి ఒక్కసారితో తీరదు. డొల్ల దగ్గరి మెట్లలోనే జీర ఉంటే దోషం చాలావరకు మెడది కాదు. మెడకు కొంచెం వంపు కావాలి కనుక ఈ పనికి ‘చక్కదిద్దడం’ కన్నా ‘సవరించడం’ మేలనిపిస్తోంది. వంపు తీయడమే కాదు, పెట్టడం కూడా అందులో ఇముడుతుంది.

మెడ విషయం: వీణకు దండి ఉంది, దాని మీద మెట్లున్నాయి. ‘మెట్లు’ గిటారుకు నిస్సందేహంగా చెల్లుతుంది. ‘దండి’ అనమనే నా సలహా, కానీ పిల్లలకు తెలియదంటే ‘మెడ’ను తప్పనను.

ఒక్క జాగ్రత్త. రొద తీసేసి ‘జీర పోవడానికి’ అని మాత్రం రాయకండి. గొంతు జీరపోవడమంటే జీర రావడమే కదా! ‘జీర తీయడానికి దండి సవరణ’ అనండి.