ఆ కీ సంగతి పాపకి ముందే చెప్పండి

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. పై దవడ ఇరుకుగా ఉందని, నోరు మూస్తే ఒక పక్క పై పళ్లు కింది పళ్ల లోపలికి పడుతున్నాయని, క్లిప్పులు వేసేముందు అంగిలిని వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ పెట్టాలని ఆర్థోడాంటిస్ట్ చెప్పారు. వచ్చే వారమే బిగిస్తారు. రోజూ ఇంట్లో మేమే చిన్న కీ పెట్టి దాన్ని తిప్పాలట! అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. పాపకి వివరంగా ఏమీ చెప్పలేదు, "ఏమీ ఉండదులే, నొప్పే తెలియదు" అని మాత్రం అన్నాను. అన్నీ చెబితే భయపడి అసలు వద్దంటుందేమో. పైగా ఈ వయసులో ఎలా కనిపిస్తున్నాను, ఫ్రెండ్స్ ఏమంటారు అన్న పట్టింపు ఎక్కువ కదా. తనని ఎలా సిద్ధం చేయమంటారు?

జవాబు: ముందు ఆ "ఏమీ ఉండదులే" అన్న మాటని ఈ రాత్రికే వెనక్కి తీసుకోండమ్మా. ఎందుకంటే ఉంటుంది. భరించలేనంత కాదు, కానీ కీ తిప్పిన కొద్ది నిమిషాలు ముక్కు మొదట్లో, బుగ్గ ఎముకల దగ్గర, పై పళ్లలో బిగుతుగా ఒత్తినట్టు ఉంటుంది, కొందరికి కాసేపు తలనొప్పి కూడా వస్తుంది. మొదటి రోజే అది తెలిసిందంటే మీ రెండో మాట పాప నమ్మదు. కొన్ని వారాలపాటు రోజూ మీ ముందు నోరు తెరవాల్సింది ఆ పిల్లే.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్పండి, పదమూడేళ్ల పిల్లకి చక్కగా అర్థమవుతుంది. అంగిలి ఒకే ఎముక కాదు, కుడి ఎడమ సగాలు మధ్యలో ఒక అతుకు దగ్గర కలుస్తాయి. తన వయసులో ఆ అతుకు సాధారణంగా ఇంకా గట్టిపడి ఉండదు. ఎక్స్‌పాండర్‌ని పై దవడ పళ్లకి అతికిస్తారు, మధ్యలో స్క్రూ ఉంటుంది, ఒక్కసారి తిప్పితే సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే జరుగుతుంది. రెండు అరచేతులూ పక్కపక్కన ఆనించి, మెల్లగా ఎడం చేసి చూపించండి. ఆ ఎడంలో శరీరమే కొత్త ఎముక నింపుకుంటుంది. అందుకే తిప్పడం అయిపోయాక కూడా దాన్ని వెంటనే తీసేయరు, కొన్ని నెలలు అలాగే ఉంచుతారు. ఈ సంగతి ఇప్పుడే చెప్పకపోతే, తిప్పడం ఆగిన రోజు "ఇంకా తీయరా?" అని ఏడుస్తుంది.

ఇది నిన్నమొన్న వచ్చిన వైద్యం కూడా కాదు. 1860లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏంజెల్ అనే దంతవైద్యుడు పద్నాలుగున్నరేళ్ల అమ్మాయి అంగిలికి ఇలాంటి స్క్రూ అమర్చి, తిప్పే కీని ఆ అమ్మాయికే ఇచ్చి పంపారు. రెండు వారాలకి పై ముందు పళ్లు రెండిటి మధ్య సందు పడింది. మీ పాపకి ఈ కథ నచ్చుతుంది, చెప్పి చూడండి.

ఆ సందు మాట ఎత్తాను కాబట్టి అక్కడే ఆగుతాను. అన్నిటికంటే ముందుగా చెప్పాల్సింది అదే. తిప్పడం మొదలెట్టిన వారం పది రోజుల్లో పై ముందు పళ్లు రెండిటి మధ్య సందు పడొచ్చు, రోజురోజుకీ పెరగొచ్చు. చెప్పకపోతే అద్దంలో చూసుకుని హడలిపోతుంది. ముందే తెలిసుంటే "హమ్మయ్య, అతుకు విచ్చుకుంది" అనుకుంటుంది, ఎందుకంటే అది వైద్యం పని చేస్తోందనడానికి గుర్తు. తిప్పడం ఆపాక పళ్లు చాలావరకు వాటంతటవే దగ్గరికి జరుగుతాయి, మిగిలింది క్లిప్పులు చూసుకుంటాయి. ఫ్రెండ్స్‌కి తనే ముందుగా చెప్పేస్తే ఇంకా మంచిది, చెప్పేసిన విషయం మీద ఎవరూ ఎక్కువ రోజులు ఏడిపించలేరు. వారానికో ఫొటో తీసుకోమనండి.

మొదటి మూడు నాలుగు రోజులు నోటినిండా ఉమ్మి ఊరుతుంది, నాలుక ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, స, శ, చ, జ లాంటివి ముద్దగా పలుకుతాయి. రోజూ పావుగంట ఏదైనా పైకి చదివిస్తే మాట త్వరగా దారికొస్తుంది. ఆ వారంలో స్కూల్లో మాట్లాడే పోటీ ఏదైనా ఉంటే మొహమాటపడకుండా డాక్టర్‌ని తేదీ మార్చమనండి. తిండి మెత్తగా, చిన్న చిన్న ముద్దలుగా ఉండాలి. జిగురుగా సాగేవి, చూయింగ్ గమ్, ఐస్ ముక్కలు కొరకడం మాత్రం అస్సలు వద్దు. ఎక్స్‌పాండర్‌కీ అంగిలికీ మధ్య మెతుకులు ఇరుక్కుంటాయి, తిన్న ప్రతిసారీ నీళ్లు గట్టిగా పుక్కిలించి, బ్రష్ చేయాలి.

ఇక కీ. తిప్పే పని మీది, లెక్క పాపది. ఏ రోజు ఎన్నిసార్లో క్యాలెండర్ మీద తనే గీత పెట్టాలి, "అమ్మా ఆగు" అంటే మీరు ఆగాలి. క్లినిక్ నుంచి బయటికి వచ్చేముందే డాక్టర్ ఎదురుగా మీ చేత్తో ఒకసారి తిప్పి చూపించండి. ఇంట్లో మంచి వెలుతురులో పడుకోబెట్టి తల కాస్త వెనక్కి వంచమనండి. కీకి దారం కట్టి వేలికి చుట్టుకోండి, జారి గొంతులోకి పోకుండా. మామూలుగా స్క్రూ రంధ్రంలో కీ పెట్టి ముందు నుంచి గొంతు వైపుకి తిప్పుతారు, తర్వాతి రంధ్రం పూర్తిగా కనిపిస్తేనే ఒక తిప్పు అయినట్టు. కీ బయటికి తీసేటప్పుడు తిప్పింది వెనక్కి రాకుండా జాగ్రత్త. ఒక రోజు మర్చిపోతే మర్నాడు కలిపి రెండు తిప్పకండి, లెక్క తప్పితే ఫోన్ చేసి అడగండి. నొప్పి మాత్ర ఏది, ఎంత అనేది డాక్టర్‌నే అడిగి, తిప్పడానికి అరగంట ముందు వేస్తే ఆ మొదటి రోజులు తేలిగ్గా గడుస్తాయి. కీ కదలకుండా మొరాయించినా, ఎక్స్‌పాండర్ పంటి నుంచి ఊడి కదులుతున్నా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా తిప్పడం ఆపి వెళ్లి చూపించండి.

ఒక్క మాట. ఊపిరి బాగా ఆడుతుందని, గురక పోతుందని పాపకి ఆశ పెట్టకండి. ముక్కు లోపలి అడుగుభాగం కాస్త వెడల్పవుతుంది, నిజమే, కానీ మీ డాక్టర్ ఈ వైద్యం చెప్పింది పళ్లు సరిగ్గా కలవడానికి.

ప్రశ్న: మా అబ్బాయికి 17. వాడికీ ఇదే సమస్య. ఆలస్యం అయిపోయిందా?

జవాబు: వయసు ఒక్కటే చూసి చెప్పలేం. ఆ అతుకు కొందరికి త్వరగా గట్టిపడుతుంది, కొందరికి ఆలస్యంగా, అందుకే ఈ వయసులో చాలామంది డాక్టర్లు త్రీడీ స్కాన్ చూసి నిర్ణయిస్తారు. గట్టిపడిన అతుకు మీద మామూలు ఎక్స్‌పాండర్ పెడితే ఎముక విచ్చుకోదు, పళ్లే బయటికి వాలతాయి. అలాంటప్పుడు అంగిలి ఎముకలోకే చిన్న స్క్రూలు దింపి వాటికి ఎక్స్‌పాండర్ బిగించే పద్ధతి ఉంది, అదీ కుదరకపోతే చిన్న ఆపరేషన్ సాయం తీసుకుంటారు. మూడింటికీ తేడా చాలా ఉంది, భరించాల్సింది వాడు. స్కాన్ గురించి మాట్లాడే రోజు డాక్టర్ ఎదురు కుర్చీలో వాడిని కూర్చోబెట్టి, మీరు పక్కన కూర్చోండి.