నిష్ఠ కోర్సు పూర్తి చేస్తే టీచర్లకు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పడం వచ్చేస్తుందా?

సగమే వస్తుంది. నిష్ఠ అంటే బడి టీచర్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన శిక్షణ కార్యక్రమం, 2019లో ముఖాముఖి శిక్షణగా మొదలైంది. కరోనా వల్ల 2020 అక్టోబరులో దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా పోర్టల్‌లోకి మారింది. అప్పట్లో 18 మాడ్యూళ్లు, వీడియోలు, క్విజ్‌లు, సర్టిఫికెట్లు. విషయం బాగానే ఉంటుంది. కాకపోతే ఒకపక్క వీడియో నడుస్తుంటే ఇంకోపక్క పేపర్లు దిద్దుకునేవాళ్లూ ఉంటారు (ఎవరూ ఒప్పుకోరు గానీ).

అసలు లోటు సాధనలో ఉంది. క్లాసులో "అర్థమైందా?" అని అడిగితే పిల్లల ముఖాలే చెప్పేస్తాయి. ఆన్‌లైన్‌లో అందరూ మ్యూట్‌లో ఉంటారు, కెమెరాలు ఆఫ్. కాబట్టి అడిగే తీరు మారాలి: "3/4, 5/8లలో ఏది పెద్దది? చాట్‌లో రాసి ఉంచండి, నేను చెప్పగానే అందరూ ఒకేసారి పంపండి." ఒకరిది చూసి ఒకరు రాసే వీలుండదు. అంకెలు పెద్దవి కదా అని 5/8 అనుకున్నవాళ్లెవరో వెంటనే తెలిసిపోతుంది.

ఇది వీడియో చూస్తే అబ్బే పని కాదు. నలుగురు టీచర్లు కలిసి, ఒకరు పాఠం చెబుతుంటే మిగతా ముగ్గురు పిల్లల్లా ఫోన్లలో చేరాలి. బోర్డు మీద రాసింది ఆ చిన్న తెర మీద అసలు కనిపించడం లేదని అప్పుడు తెలుస్తుంది. దానికి పది నిమిషాలు కూడా పట్టదు.