సమాధానం: సెనేటరు షేర్ల లావాదేవీ ఆలస్యంగా కనిపించడం గురించి

నమస్కారమండీ. అమెరికా సెనేటరు ఒకరు షేర్లు కొన్న సంగతి నెల దాటాక బయటపడింది కదా, అది చట్టవిరుద్ధం కాదా, కచ్చితమైన మొత్తం ఎందుకు దొరకడం లేదు అని అడిగారు. 2012 నాటి స్టాక్ చట్టం కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు; సెనేట్ అందులో ఒక సభ) సభ్యుల షేర్ల క్రయవిక్రయాలను నిషేధించలేదు. పదవి వల్ల తెలిసిన రహస్య సమాచారంతో లాభపడరాదని చెప్పి, 1,000 డాలర్లు మించిన లావాదేవీని, అది జీవిత భాగస్వామి పేరున ఉన్నా సరే, తమకు తెలిసిన 30 రోజుల్లోగా, ఎట్టి పరిస్థితుల్లోనూ జరిగిన నాటి నుంచి 45 రోజులు దాటకుండా వెల్లడించాలని విధించింది. కనుక నెల దాటినంత మాత్రాన అది ఉల్లంఘన కాదు. మొత్తాన్ని 1,001 నుంచి 15,000 డాలర్ల వంటి శ్రేణుల్లోనే చూపుతారు. సెనేట్ వెల్లడి పత్రాల వెబ్‌సైటులో ఆ సభ్యుని పేరుతో వెతికి, లావాదేవీ తేదీని దాఖలు తేదీతో పోల్చి చూడండి. గడువు దాటితే పడే రుసుము సాధారణంగా 200 డాలర్లే (కోటీశ్వరులకు అదొక లెక్కా?).