కారుకు థర్డ్ పార్టీ బీమా ఒక్కటే తీసుకోవద్దు

తిరుపతి లీలామహల్ కూడలిలో మీ కారును ఆటో గీసుకుపోయినప్పుడు ఒకటి, బంపరు సొట్టపోయినప్పుడు ఇంకొకటి, ఏడాదిలో రెండు క్లెయిములు చేశాక బీమా ప్రీమియం భారమైందని, ఇక థర్డ్ పార్టీ ఒక్కటే సరిపోతుందా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. అది ఎదుటివారి నష్టానికే, మీ కారుకు రూపాయి రాదు. 1000 నుంచి 1500 సీసీ కార్లకు 2022లో ప్రభుత్వం 3,416 రూపాయలుగా నిర్ణయించిన ఆ భాగం మీ క్లెయిముల వల్ల పెరగదు కూడా. పెరిగింది మీ కారు నష్టానికి డబ్బిచ్చే సొంత నష్టం భాగం, నో క్లెయిమ్ బోనస్ పోయినందువల్ల. క్లెయిము లేని ఒక్క ఏడాదికి 20 శాతం, వరుసగా అయిదేళ్లకు 50 శాతం తగ్గింపు వస్తుంది. అందుకే ఇకపై చిన్న గీతలను సొంత డబ్బుతో బాగుచేయించుకోండి. క్లెయిములో కొంత మొత్తం నేనే భరిస్తానని ముందే ఒప్పుకుంటే, అంటే వాలంటరీ డిడక్టిబుల్ ఎంచుకుంటే, ప్రీమియం ఇప్పుడే కొంత తగ్గుతుంది.